ఇంట్లో ప్రతిపక్షం

నేను గెలిచానన్న సంగతి తెలిసేసరికి నా రెండు చేతులూ మోచేతుల దాకా సబ్బునురగలో ఉన్నాయి. పొద్దున పాలు అడుగంటిన గిన్నె, ఎంత తోమినా నలుపు వదలడం లేదు. ఓట్ల లెక్కింపు దగ్గరికి నా తరఫున మా ఆయన వెళ్ళాడు. "పోటీ చేసినదాన్ని నేను రానక్కర్లేదా?" అని ముందురోజు అడిగితే, "అక్కడంతా మగాళ్ళు, తోపులాట. నువ్వొచ్చి ఏం చేస్తావు?" అన్నాడు. ఫోన్ కూడా నాకు చెయ్యలేదు, వాళ్ళమ్మకి చేశాడు. అత్తయ్య మోకాళ్ళు పట్టుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అమ్మాయ్, వాడు గెలిచాడు" అంది. ఎవడు గెలిచాడని అడగబోయి ఊరుకున్నాను. "జనం వస్తున్నారట. అందరికీ టీ పెట్టాలి, పెద్ద గిన్నె దించు" అంది. పెద్ద గిన్నె నేను తోముతున్నదే.

మా ఊరి కౌన్సిల్లో పదిహేను వార్డులు. ఒక్కో వార్డులో ఉన్నవాళ్ళు ఒక్కో మెంబరుని ఎన్నుకుంటారు. ఆ పదిహేను మందీ ఒకచోట కూర్చుని, చేతులెత్తి, తమలో ఒకరిని చైర్మన్ చేస్తారు. ఏ వీధికి రోడ్డు పడాలో, ఏ వీధికి నీళ్ళు రావాలో తేల్చేది ఆ కుర్చీ. మా ఆయనకి మోటార్లు బాగుచేసే షాపుంది. పేరుకే షాపు, మనసంతా కౌన్సిల్ మీదే. పెళ్ళైన నాటి నుంచీ చూస్తున్నాను, పెద్దవాళ్ళ కారు తలుపులు తియ్యడం, వాళ్ళ మీటింగులకి కుర్చీలు వేయించడం, వాళ్ళు నవ్వితే తనూ నవ్వడం. తీరా ఈసారి టికెట్ ఖాయమైందనగా, మా వార్డుని ఆడవాళ్ళకి కేటాయించారు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి, మంచినీళ్ళు తాగి, గ్లాసు నా చేతికిస్తూ నా వైపు చూశాడు. అంత శ్రద్ధగా నన్ను చూడటం పెళ్ళిచూపుల తర్వాత అదే. "నువ్వు నిలబడుతున్నావు" అన్నాడు, రేషను క్యూలో నిలబడమన్నంత తేలిగ్గా. నాకేం తెలుసండీ అన్నాను. "తెలియాల్సిన పన్లేదు. పేరు నీది, పని నాది" అన్నాడు. పేరు కూడా పూర్తిగా నాది కాలేదు. పోస్టర్ మీద ఆయన ఫొటో నిండుగా, దాని మూల స్టాంపుబిళ్ళంత నేను, కింద ఫలానా వారి భార్య అని.

ప్రచారానికి వెళ్ళేటప్పుడు నాకు చెప్పింది ఒకటే మాట. "నవ్వు. మాట్లాడకు." నేను నవ్వాను. దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. మార్కెట్లో ఆయన ఒక సిమెంటు కొట్టు యజమానితో మాటల్లో పడ్డప్పుడు కూరగాయలమ్మే ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. మార్కెట్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళు ఐతే గోడ వెనక్కి వెళ్తారు. "పొద్దున బయల్దేరేముందు ఓ గుక్క తాగుతామమ్మా, మళ్ళీ ఇంటికెళ్ళాకే నీళ్ళు. మంట పుడుతోంది ఒళ్ళంతా" అంది ఒకామె, తమాషాగా చెప్తున్నట్టే చెప్పింది, కానీ కళ్ళు నవ్వలేదు. ఆ మంట ఏమిటో నాకు తెలుసు. అత్తవారితో ప్రయాణాలు చేసినప్పుడు నేనూ నీళ్ళు తాగను. బండి ఆపమని అడగాలి కదా, అడిగితే "బయల్దేరే ముందే చూసుకోవాలి" అని అందరి ముందూ అనిపించుకోవాలి కదా. "నేను కట్టిస్తాను" అన్నాను. ఎవర్నీ అడక్కుండా నా నోట్లోంచి వచ్చిన మాట అది. దారిలో ఆయన దులిపేశాడు. "ఎవర్నడిగి మాటిచ్చావ్? రేపు నిజంగా కట్టమంటారు వాళ్ళు."

ప్రమాణం చేసిన రోజున కౌన్సిల్ హాల్లో నా కుర్చీలో ముందు ఆయనే కూర్చున్నాడు. సభ్యులు మాత్రమే అని అధికారి మర్యాదగా అంటే లేచి నా వెనక వరసలోకి మారాడు. కౌన్సిల్ ఆఫీసులో అందరూ ఆయన్ని మెంబరుగారూ అంటారు. నన్ను మెంబరుగారి ఆవిడ అంటారు. ఒకసారి ఆఫీసు గుమాస్తా నాతోనే, "మెంబరుగారు లేరామ్మా, ఈ సంతకం కావాలి" అన్నాడు. నేనేనండీ అన్నాను. అతను సిగ్గుపడ్డాడనుకున్నాను. లేదు, నా వెనక చూశాడు, ఆయన వస్తున్నాడేమోనని.

చైర్మన్ ఎవరో అప్పటికే తేలిపోయింది. రోడ్ల కాంట్రాక్టరు. ఊళ్ళో సగం రోడ్లు వేసినవాడు, ఆ సగమూ ఏడాది తిరక్కుండా మళ్ళీ వేసినవాడు. ఏకగ్రీవం చేద్దాం, ఊరికి గౌరవం అన్నాడు. మధ్యలో ఎవరూ మనసు మార్చుకోకుండా మెంబర్లందర్నీ ఊరికి దూరంగా, చెరువు పక్కన తన అతిథిగృహానికి తీసుకెళ్ళాడు. ఫోన్లు ఒక అట్టపెట్టెలో వేయించుకున్నాడు. పేరు మాత్రం శిక్షణ. మెంబర్లలో ఎనిమిది మంది ఆడవాళ్ళం. ఒక్కరికి తప్ప మిగతా ఏడుగురికీ మొగుళ్ళు తోడొచ్చారు. ఆ ఒక్కరూ నర్సమ్మగారు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు, ఊళ్ళో సగంమంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. ఆమె ఫొటో ఒక్కటే పోస్టర్ మీద ఒంటరిగా ఉండేది.

శిక్షణలో మగవాళ్ళు పేకాడారు. రెండో రోజు వంటవాడికి జ్వరమొచ్చింది. "ఇంతమంది ఆడవాళ్ళుండగా భయమేముంది?" అన్నాడు కాంట్రాక్టరు పెద్దగా నవ్వుతూ. నా వైపు చూసి, "చెల్లెమ్మా, నీ చేతి వంట బ్రహ్మాండమని బావ ఎప్పుడూ చెప్తుంటాడు" అన్నాడు. మా ఆయన ఎప్పుడూ అలా చెప్పలేదని నాకు తెలుసు. అయినా ఎనిమిది మందిమీ లేచి వంటింట్లోకి నడిచాం. ఎవరూ రమ్మనలేదు, తొయ్యలేదు. అలవాటు. వేల ఓట్లతో గెలిచిన ఎనిమిది మంది ఎన్నికైన ప్రజాప్రతినిధులం నేల మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాం. ఒకామె పొయ్యి దగ్గర. అందరిలోకీ చిన్నది, ఇటుకబట్టీ వాళ్ళ కోడలు, చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని పాలిస్తూనే వెల్లుల్లి ఒలుస్తోంది.

నర్సమ్మగారు కత్తి పక్కన పెట్టింది. "అమ్మాయిలూ, మనం ఎంతమందిమి?" అంది.

ఎనిమిది అంది చిన్నది.

"ముందుగదిలో పేకాడేవాళ్ళు? మీ మొగుళ్ళని తీసేసి లెక్కపెట్టు. మెంబర్లు మాత్రమే."

ఏడుగురని అందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ తెలుసు. కానీ ఆ లెక్కని ఎవరూ అటునుంచి చూడలేదు. పొయ్యి మీద నూనె కాగి పొగ వచ్చేస్తోంది, పొయ్యి దగ్గరామె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నాకు కుర్చీ మీద మోజు లేదు" అంది నర్సమ్మగారు. "మీలో ఎవరైనా కూర్చుంటానంటే నా చెయ్యి లేస్తుంది. మీకు ఇంట్లో గొడవలంటారా, నన్ను కూర్చోబెట్టండి, నన్ను అడిగేవాళ్ళు లేరు. ఆలోచించుకోండి. నూనె మాడిపోతోంది, ముందు ఆ ఉల్లిపాయలు వెయ్యండి."

అంతే. ఉపన్యాసం ఇవ్వలేదు. మేం వంట చేశాం, వడ్డించాం, ఉప్పు తక్కువైందనిపించుకున్నాం. కానీ ఆ మధ్యాహ్నం పెరట్లో తాడు మీద బట్టలారేస్తూ నా మనసు ఎప్పుడూ పోని దారిలో పోయింది. నాకు కాలేజీ రోజుల్లో లెక్కలంటే ఇష్టం. చిన్నపిల్లల బడిలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పాను. పెళ్ళయ్యాక "ఆ జీతం బస్సు చార్జీలకే చాలదు" అన్నాడు మా ఆయన. "ఇంట్లో ఉంటే అమ్మకి తోడుంటావు" అన్నాడు. తోడు అన్న మాట ఎంత చక్కగా ఉంటుందో. అందులో అత్తయ్య మోకాళ్ళకి తైలం మర్దనా, ఆయన గ్రీజు మరకల చొక్కాలు, వచ్చేపోయేవాళ్ళకి టీలు, ఆడపడుచు పురుళ్ళు, అన్నీ ఇమిడిపోతాయి. అన్నీ ఇమిడిపోయాక నాకు చోటు చాల్లేదు. నేను తప్పుకున్నాను. ఎవరూ గమనించనంత నెమ్మదిగా నాలోంచి నేనే తప్పుకున్నాను. ఇప్పుడు చెయ్యెత్తితే ఏమవుతుంది? కొడతాడా? కొట్టడు, ఎప్పుడూ కొట్టలేదు, ఆ సంగతి నలుగురిలో చెప్పుకుంటాడు కూడా. మాట్లాడ్డం మానేస్తాడు. అత్తయ్య తిండి మానేస్తుంది. ఆడపడుచు ఫోన్ చేసి ఏడుస్తుంది. అవన్నీ తూచుకుంటూ తడిబట్టలు పిండుతుంటే, పక్కన చంటిపిల్ల గుడ్డలారేస్తున్న చిన్నది నా వైపు చూడకుండానే, "అక్కా, మీరెత్తుతారా?" అంది. నేను జవాబు చెప్పేలోగా, "మీరెత్తితే నేనెత్తుతా" అంది. ఆ పిల్లకి నా మీద అంత నమ్మకం ఎందుకో. నిన్నటిదాకా మాకు పరిచయం కూడా లేదు.

ఎత్తుతానన్నాను.

వెనక్కి వచ్చే ముందు మేం ఎనిమిది మందిమీ ఒకరితో ఒకరం మాట్లాడుకున్నాం, అంట్లు తోముకుంటూ, బట్టలు మడతపెట్టుకుంటూ. ఆడవాళ్ళు పనిచేస్తూ మాట్లాడుకుంటే మగవాళ్ళ చెవిన పడదు. వాళ్ళకది కుళాయి నీళ్ళ చప్పుడులాంటిది. నర్సమ్మగారి పేరు నేను ప్రతిపాదించాలని అనుకున్నాం. నేనే ఎందుకంటే, మా ఆయన కాంట్రాక్టరుకి కుడిభుజం కాబట్టి. కుడిభుజం ఇంటినుంచే మొదలైతే మిగతావాళ్ళకి ధైర్యం వస్తుందని నర్సమ్మగారు అంది. ఎవరూ జారిపోలేదు. ఎవరూ మొగుడికి చెప్పలేదు. ఆ మాట మాత్రం గర్వంగా చెప్పుకోగలను.

ఓటింగు రోజు పొద్దున్నే మా ఆయన కొత్త చొక్కా ఇస్త్రీ చెయ్యమన్నాడు. చాలా హుషారుగా ఉన్నాడు. "ఇవాళ నీకో విషయం తెలుస్తుంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మీకు కూడా అనుకున్నాను. కాలర్ మీద పెట్టె ఒకటికి రెండుసార్లు తిప్పాను, మడత పడకుండా.

కౌన్సిల్ హాలు గుర్రపునాడాలా ఉంటుంది. ఆడవాళ్ళం ఎనిమిది మందిమీ ఒకవైపు కూర్చున్నాం. ఎన్నిక జరిపించే అధికారి రాజధాని నుంచి వచ్చాడు. సన్నటి మనిషి, మాటిమాటికీ కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఎన్నిక మొదలుపెట్టే ముందు ఒక ఉత్తర్వు చదవాల్సి ఉందన్నాడు. చట్టం ప్రకారం పురపాలక వ్యవహారాల్లో విశేష అనుభవం గలవారిని ముగ్గుర్ని కౌన్సిల్లో సభ్యులుగా నియమించే అధికారం ప్రభుత్వానికి ఉందనీ, ఆ ప్రకారం ఈ కిందివారిని నియమించడమైనదనీ చదివాడు. మూడు పేర్లు. మొదటిది మా ఆయనది. తర్వాతి రెండూ మా ఎనిమిది మందిలో ఇద్దరి భర్తలవి. "వీరికి ఎన్నికైన సభ్యులతో సమానంగా ఓటుహక్కు ఉంటుంది" అని చదివి, కాగితం మడిచి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

నా వెనక వరసలోంచి మా ఆయన లేచాడు. నన్ను దాటుకుంటూ, నా భుజం మీద చిన్నగా తట్టి, ఎదురుగా మగవాళ్ళ వైపు వేసి ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. తెలుస్తుందన్న విషయం ఇదన్నమాట.

మా సంగతి బయటపడి ఇలా చేశారేమోనని ముందు అనుకున్నాను. చిన్నదాని వైపు అనుమానంగా చూశాను కూడా. తర్వాత తెలిసింది, అదేం కాదు. ఆ ఉత్తర్వు ఎన్నికల ముందునుంచీ తయారవుతోందట. విశ్వాసంగా ఉన్నందుకు బహుమానంగా కాంట్రాక్టరు తన మనుషులకి వేయించుకున్న పదవులవి. మాకు భయపడి చేసింది కాదు. మా గురించి ఎవరికీ అనుమానమే రాలేదు. మేం అలాంటి పని చేయగలమని ఆ హాల్లో ఒక్క మగాడికీ కలలో కూడా తట్టలేదు. అది తెలిసినప్పుడు పడ్డ బాధ ఓడినప్పుడు పడలేదు.

అధికారి పేర్లు ప్రతిపాదించమన్నాడు. మా ఆయన లేచి కాంట్రాక్టరు పేరు చెప్పాడు. మెంబరుగా ఆయన మొదటి మాట అది. చప్పట్లు కొట్టారు. "ఇంకెవరైనా?" అని మామూలుగా అడిగి, అధికారి రాయడం మొదలుపెట్టేశాడు. నర్సమ్మగారు నా వైపు చూసింది. వద్దులే అన్నట్టు తల కాస్త అడ్డంగా ఊపింది. ఎనిమిదికి పది. లెక్క ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. కూర్చుండిపోవచ్చు. కూర్చుంటే ఇంట్లో ఏ గొడవా ఉండదు. మొగుడు మెంబరు, పెళ్ళాం మెంబరు, అత్తయ్య వీధిలో నలుగురికీ చెప్పుకుంటుంది. కానీ ఎదురుగా ఆ కొత్త చొక్కాలో కూర్చున్న మనిషిని చూస్తే నాకు ఒకటే అనిపించింది. నేను ఇంటింటికీ తిరిగాను. ఎండలో, దవడలు నొప్పి పుట్టేలా నవ్వుతూ, ఎవరెవరి గుమ్మాలో ఎక్కి దిగి ఈ కుర్చీలోకి వచ్చాను. ఈయనకి ఒక కాగితం వచ్చింది. మా ఇద్దరి చేతులూ ఒకటే బరువు.

లేచాను. "నర్సమ్మగారి పేరు ప్రతిపాదిస్తున్నాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అధికారి రాస్తున్నవాడల్లా ఆగాడు. కాంట్రాక్టరు నవ్వు ముఖాన అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. మా ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. తన ఇల్లే అనుకుని వేరే ఇంటి తలుపు తీసినవాడి చూపు అది. చేతులెత్తమన్నారు. నర్సమ్మగారి వైపు ముందు నా చెయ్యి, తర్వాత చిన్నది, ఒక చేత్తో పిల్లని పట్టుకుని రెండో చెయ్యి. తర్వాత పొయ్యి దగ్గర నిలబడిపోయినామె. తర్వాత మిగతా అందరూ. నియమితులైన మరో ఇద్దరి పెళ్ళాలు కూడా, ఎదురుగా మొగుళ్ళు చూస్తుండగానే. ఎనిమిది. అటు ఏడుగురు మగవాళ్ళు, ముగ్గురు మొగుళ్ళు. పది. అధికారి కాంట్రాక్టరు పేరు ప్రకటించాడు.

స్వీట్ల పెట్టెలు వచ్చాయి. కొత్త చైర్మన్ వచ్చి నర్సమ్మగారికి అభినందనలు చెప్పాడు. "పోటీ ఉంటేనే కదమ్మా సరదా" అన్నాడు. తర్వాత ఎవరో, "అమ్మా, ఇవి కాస్త అందరికీ పంచండి" అన్నారు. నేను పళ్ళెం పట్టుకుని సగం వరస దాకా పంచాక తెలిసింది ఏం చేస్తున్నానో. అప్పటికి మా ఆయన ముందున్నాను. ఆయన స్వీటు తీసుకుని, అలవాటుగా, "మంచినీళ్ళు" అన్నాడు. తెచ్చిచ్చాను.

ఇంటికెళ్ళే దారంతా కారులో ఏదో ఒకటి అంటాడని ఒళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. ఏమీ అనలేదు. అన్నం తినేటప్పుడు అన్నాడు, చాలా శాంతంగా. "నువ్వు చేసినదానికి నాకేం కోపం లేదు. తేడా ఏమన్నా వచ్చిందా చెప్పు? రాలేదు కదా. మరింకెందుకు కోపం?" అత్తయ్య, "పోన్లే, ఆడవాళ్ళు ఏదో సరదా పడ్డారు" అంది. అలిగితే బాగుండేది. తిట్టినా బాగుండేది. నా బతుకులో మొదటిసారి నేను ఎదురు తిరిగితే, అది పప్పులో ఉప్పు తక్కువైనంత సంగతి కూడా కాలేదు ఆ ఇంట్లో. ఉప్పు తక్కువైతే కనీసం కంచం నెడతాడు.

తర్వాత అదొక హాస్యమైంది. ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి, "మా ఇంట్లో ప్రతిపక్షం" అంటాడు. వాళ్ళు నవ్వుతారు. "అయితే ప్రతిపక్షం చేతి టీ తాగాల్సిందే" అంటారు. నేను టీ ఇస్తాను. "పంచదార విషయంలో కూడా విభేదాలున్నాయా?" అని ఒకాయన అడిగాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మా ఆయనకి మంచి పేరొచ్చింది, ఎంత పెద్దమనసు, పెళ్ళాం ఎదురు ఓటేసినా నవ్వుకుంటాడు అని.

మార్కెట్లో మరుగుదొడ్డి గురించి మొదటి మీటింగులోనే తీర్మానం పెట్టాను. నేను చూపించిన స్థలం మెంబర్ల కార్లు పెట్టుకోడానికి కావాలన్నారు. ఎనిమిదికి పది. మరో మీటింగులో మరో స్థలం చూపించాను. అప్పటికి ఎనిమిది ఆరైంది. నియమితుడైన ఒకాయన పెళ్ళాం చెయ్యెత్తడం మానేసింది, ఎందుకని అడిగితే, "మా అమ్మాయికి సంబంధం కుదిరిందండీ, ఈ టైములో గొడవెందుకు" అంది. చిన్నది రావడం మానేసింది. ఫోన్ చేస్తే వాళ్ళ మామగారు తీసి, పిల్ల నిద్రపోతోంది అంటాడు. ఏ పిల్ల అని అడగాలనిపిస్తుంది. ఒక వానాకాలం నర్సమ్మగారికి పక్షవాతం వచ్చింది. చూడ్డానికి వెళ్తే నోరు ఒకవైపు లాగేసి ఉంది. మాట రావడం లేదు. చెయ్యెత్తబోయింది, పలకరించడానికో దేనికో. లేవలేదు. తమ్ముడి ఊరికి తీసుకెళ్ళిపోయారు. ఆమె వార్డుకి మళ్ళీ ఎన్నిక పెడితే చైర్మన్ గారి కోడలు గెలిచింది. అమాయకురాలు, మీటింగులో వాళ్ళ మామగారు దగ్గితే చాలు చెయ్యెత్తేస్తుంది.

కూరగాయలమ్మే ఆడవాళ్ళు మొదట్లో అడిగేవాళ్ళు. తర్వాత అడగడం మానేశారు. నన్ను చూడగానే మంచి వంకాయలు ఏరి ఇస్తారు, అంతే. తిట్టినా పోయేది. ఆ ఏరి ఇవ్వడం భరించలేక నేను వేరే వీధిలో కొనుక్కోవడం మొదలుపెట్టాను.

మిగతావాళ్ళూ ఒక్కొక్కరే చేతులు దించేశారు, చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. ప్రతి మీటింగుకీ వెళ్తాను. వెళ్ళే ముందు వంట చేసి, అత్తయ్యకి తైలం రాసి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, ఇద్దరం ఒకే కారులో వెళ్తాం. హాల్లో ఆయన అటు, నేను ఇటు. ఏదో ఒక తీర్మానం వస్తుంది, అదే రోడ్డు మళ్ళీ వెయ్యడానికో, ఎవరి బావమరిదికో స్థలం ఇవ్వడానికో. వ్యతిరేకించేవాళ్ళు చెయ్యెత్తండి అంటారు. నా చెయ్యి ఒక్కటే లేస్తుంది. మొదట్లో తల తిప్పి చూసేవాళ్ళు. ఇప్పుడు ఆఫీసులో కాగితం మీద ముందే ఒకటి అని వేసుకుని వస్తారట.

పదవీకాలం ఇంకా కొన్ని నెలలుందనగా, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఆయన వచ్చి మంచం మీద పక్కన కూర్చున్నాడు. అలా కూర్చోడు. అత్తయ్య కూడా గుమ్మంలో నిలబడింది. ఏదో ముందే మాట్లాడుకుని వచ్చారని అర్థమైంది.

"నీకీ మధ్య ఒంట్లో బాగుండటం లేదు కదా" అన్నాడు.

"బాగానే ఉందండీ."

"నడుం నొప్పి అంటున్నావుగా. చూడూ, ఇంకెన్నాళ్ళో లేదు. గౌరవంగా రాజీనామా చెయ్యి. ఈ టైములో ఖాళీ వస్తే ఎన్నిక పెట్టరు, ప్రభుత్వమే ఒకర్ని నియమిస్తుంది. చైర్మన్ గారితో మాట్లాడాను. మా అక్కని వేయిస్తానన్నారు."

"ఇంట్లోంచి బయటికి పోదు కదమ్మా పదవి" అంది అత్తయ్య. "నీకూ తిప్పలు తప్పుతాయి. ఇంట్లోనే ఉండొచ్చు."

నేను ఆయన బనియను మడతపెట్టాను. దాని మీద ఇంకోటి పెట్టాను. మా ఆడపడుచు పాపం చెడ్డది కాదు. ఆవిడ కూడా చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తుతుంది. నా కుర్చీలో ఆవిడ కూర్చుంటే ఆ హాల్లో ఇక ఎవరూ తల తిప్పి చూడాల్సిన పని కూడా ఉండదు.

"నేను చెయ్యను" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. నిజంగానే అర్థం కానట్టు ముఖం పెట్టాడు. "ఎందుకు? ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా నీ మాట నెగ్గిందా అక్కడ?"

"లేదు."

"నెగ్గుతుందని ఆశ ఉందా?"

"లేదండీ."

"మరి ప్రతిసారీ ఓడిపోవడానికి అంత ముస్తాబై వెళ్ళడం దేనికి?"

తువ్వాలు అంచులు కలిపి మడతపెట్టి, దొంతర మీద పెట్టాను. "అక్కడ నన్ను కాదనాలంటే మీరంతా ఒకసారి చెయ్యెత్తాలండీ" అన్నాను. "ఇంట్లో మీకు ఆ శ్రమ కూడా అక్కర్లేదు."